రాయి పెట్టని రెమ్మ

భయమంటే ఏమిటో నా చిన్నప్పుడు ఒక్క పగటిలోనే తెలుసుకున్నాను. అంతకు ముందు నావన్నీ ఉత్తుత్తి భయాలు. చీకటి గదిలో కుండల వెనక ఏదో ఉందని, బడిలో పంతులుగారు ఎక్కాలు అడుగుతారని, జడ వేసేటప్పుడు మా అమ్మ మొట్టికాయ వేస్తుందని. ఆ రోజు పట్టుకున్న భయం అట్లాంటిది కాదు. అది జరిగి డెబ్బై ఏళ్ళు దాటినా సీతాఫలాల కాలం వచ్చిందంటే, పొద్దు వాలే వేళకు అది మా ఇల్లు వెతుక్కుంటూ వస్తుంది.

మా ఊరు మార్కాపురానికీ పుల్లలచెరువుకూ నడుమ, నల్లమల కొండలు మొదలయ్యే చోట ఉంది. అప్పట్లో మాది కర్నూలు జిల్లా, మద్రాసు రాజధాని. ఊళ్ళో కర్నూలు చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. మద్రాసు చూసింది మాత్రం ఒక్క మా మేనత్తే. ఆమె మగడు అక్కడ గుమాస్తా పని చేసేవాడు. పెళ్ళై వెళ్ళిన తరువాత ఆమె పుట్టింటికి వచ్చిన సార్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అట్లాంటిది ఆ ఏడు దసరా సెలవులకు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. వచ్చిన మర్నాడే పిల్లను మా దగ్గర వదిలి, జబ్బున పడిన అత్తగారిని చూడడానికి పొదిలి వెళ్ళింది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు, ఆ పిల్లకు పది. మేనత్త కూతురు, పైగా పెద్దది, కాబట్టి వరసకు వదిన. ఊరంతా మద్రాసు పిల్ల అంటే నేను మద్రాసు వదిన అనేదాన్ని. ఆమెకు రెండు జడలు, రెండింటికీ ఎర్ర పట్టు రిబ్బన్లు. మాకు జడ చివర కట్టుకోవడానికి నల్ల నూలుదారమే. ఆమె నడుస్తుంటే ఆ రిబ్బన్లు భుజాల మీద ఎగురుతుండేవి, నేను వెనక నడుస్తూ వాటినే చూస్తుండేదాన్ని. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆమెను చూస్తున్నకొద్దీ మా ఊరు నా కళ్ళకు చిన్నదైపోయింది. ఎటు చూసినా రాళ్ళు, రాళ్ళ నడుమ కంప. మంచినీళ్ళు కావాలంటే వాగు ఇసుకలో చెలమ తవ్వి, ఊట ఊరేదాకా కూర్చుని, చిప్పతో కడవలోకి తోడుకోవాలి. వరి అన్నం పండగలకే, మిగతా రోజులు సజ్జ సంగటి, జొన్న రొట్టె. చుట్టం పిల్ల వచ్చిందని మా జేజి, అంటే మా నాయనమ్మ, మూడు రోజులు ఎక్కడినుంచో బియ్యం తెప్పించి వండింది. నాలుగో రోజు వదిన కంచం వెనక్కి జరిపి, "అవ్వా, నాకు గూడా సంగటి పెట్టవా? మా యమ్మ మద్రాసులో దానికోసం కలవరిస్తాది" అన్నది. నేను తల దించుకున్నాను. ఇంతకన్నా ఎగతాళి ఏముంటుంది అనుకున్నాను. చెలమ దగ్గర కూడా ఆమె బోర్లా పడుకుని నోటితోనే నీళ్ళు తాగి, మూతి తుడుచుకుంటూ నా వైపు చూసి నవ్వింది. సిగ్గుపడేవాళ్ళకు ఎదుటివాళ్ళ పళ్ళు కనిపిస్తే చాలు, అది వెక్కిరింతే.

అందుకే ఒక ఉపాయం ఆలోచించాను. మేకలు కాసే తాత ఒకాయన ఉండేవాడు. మబ్బులు లేని రోజున కొండ నెత్తికెక్కితే, అల్లంత దూరాన కురిచేడు వైపు పోయే రైలు పొగ కనపడుతుందని ఆయన చెప్పేవాడు. మాకూ రైలుందని వదినకు చూపించాలి అనుకున్నాను. ఆమె ఆ రైలు దిగే మా ఊరికి వచ్చిందన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆనాడు మాత్రం అది బ్రహ్మాండమైన ఆలోచన.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. అడవిలోకి పోయే దారి రెండు గుట్టల నడుమ సన్నబడుతుంది. అక్కడొక బల్లపరుపు రాయి ఉంది. దాన్ని ఆకులమ్మ అంటాము. రూపం లేదు, గుడి లేదు. కట్టెలకైనా, తేనెకైనా, పండ్లకైనా లోపలికి పోయేవాళ్ళు ఒక రెమ్మ తుంచి ఆ రాతి మీద వేసి పోవాలి. తిరిగి వచ్చేటప్పుడు తమ రెమ్మ మీద ఒక గులకరాయి పెట్టాలి. అమ్మా, క్షేమంగా వచ్చినాను అని చెప్పుకోవడమన్నమాట. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క ఆకు. కమ్మరి ఇంటివాళ్ళది వేప, మేకల తాతది బలుసు, మాది తంగేడు. పొద్దు వాలేటప్పుడు అందరికన్నా వెనక వచ్చేది మేకల తాత. ఆయన ఆ రాయి దగ్గర ఆగి చూస్తాడు. రాయి పెట్టని రెమ్మ ఏదైనా కనపడిందా, ఆ ఇంటికి కబురు వెళుతుంది, ఊరు కదులుతుంది. మొక్కు అనుకుంటే మొక్కు, హాజరు పట్టీ అనుకుంటే హాజరు పట్టీ. నడక వచ్చిన పిల్లలకు మేము మొదట నేర్పేది అదే.

ఆ రోజు పొద్దున సద్ది తాగి బయలుదేరాము. అమ్మా నాయనా సజ్జ చేను కోతకు పోయారు. జేజి మేము చేనికి పోయామనుకుంది, అమ్మ మేము ఇంట్లో జేజి దగ్గర ఉన్నామనుకుంది. ఎవరికీ చెప్పకుండా జారుకోవడంలో నాకు ఊళ్ళో మంచి పేరే ఉంది.

ఆకులమ్మ రాయి దగ్గరికి వచ్చేసరికి వదిన టక్కున ఆగింది. వాడిన ఆకులూ పచ్చి ఆకులూ వాటి మీద గులకరాళ్ళూ చూసి ఆమె మొహం విప్పారింది. నవ్వుతూ, "ఇదేనా..." అని ఏదో అడగబోయింది. ఆ నవ్వు చూడగానే నా ఒళ్ళు చచ్చిపోయింది. రాళ్ళకు ఆకులు మేపే మొరటు జనం అనుకుంటుందని, ఆమె మాట పూర్తి కానివ్వకుండానే, "అదేం లేదులే వదినా, మేకలోళ్ళు పడేసిన చెత్త. రా పోదాం" అన్నాను.

చెత్త అన్నాను. నా పక్కనే తంగేడు చెట్టు నిండా పూసి ఉంది. చెయ్యి చాపితే రెమ్మ అందుతుంది. చెయ్యి చాపలేదు. పది అడుగులు వేసిన తరువాత వెనక నుంచి వదిన "ఉండు, కాలిలో ముల్లు గుచ్చుకుంది" అన్నది. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ రాయి కనపడుతుంది. నిలబడి కొండ వైపు చూస్తూ ఉన్నాను. కాసేపటికి ఆమె వచ్చి నన్ను కలుసుకుంది.

మొదట్లో బాగానే ఉంది. వానలు బాగా పడిన ఏడు. గడ్డి మా తలల కన్నా ఎత్తు పెరిగింది. సీతాఫలాలు కన్నులు విచ్చుకుని కొమ్మకొమ్మకూ వేలాడుతున్నాయి. వదిన ఒక పండు చిదిమి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. గింజలు ఉమ్మేస్తూ పైకి ఎక్కాము. ఒక నెత్తి ఎక్కితే దాని వెనక ఇంకో నెత్తి కనపడింది. అదీ ఎక్కాము. ఆకాశం మబ్బు పట్టింది. రైలూ లేదు, పొగా లేదు. అన్ని వైపులా ఒకే తీరు కొండలు, ఒకే తీరు పచ్చన. "ఇంకొంచెం పైకి పోతే కనపడతాది" అన్నాను, నాకే నమ్మకం లేకుండా.

దిగుదామని వెనక్కి తిరిగాక తెలిసింది, మేము వచ్చిన దారి లేదని. మా వెనకే గడ్డి మూసుకుపోయింది. ఎక్కేటప్పుడు ఒక పెద్ద రాయికి ఎడమ పక్కగా వచ్చినట్టు గుర్తు. చూస్తే అట్లాంటి రాళ్ళు ఏడెనిమిది ఉన్నాయి. సూర్యుడు కనపడడు కాబట్టి తూర్పేదో పడమరేదో తెలియదు. వదినకు తెలియకూడదని గబగబా ముందు నడిచాను. ఎంత నడిచినా దారి రాలేదు. మేము ఉమ్మేసిన సీతాఫలం గింజలు కాళ్ళ దగ్గర కనపడ్డాయి. తిరిగి తిరిగి అదే చోటికి వచ్చాము.

అప్పుడే పొద వెనక నుంచి చప్పుడు వినపడింది. ఎవరో సీతాఫలం జుర్రుకుంటున్న చప్పుడు. మధ్య మధ్య ఆగి గట్టిగా ఊపిరి పీలుస్తున్నారు. మనిషే అనుకున్నాను. పండ్లకు వచ్చిన మన ఊరివాళ్ళే అయ్యుంటారని ప్రాణం లేచి వచ్చి, పిలవడానికి నోరు తెరిచాను. వదిన నా చెయ్యి పట్టి గుంజింది. ఆమె చూస్తున్న వైపు చూశాను. పొద పైన నల్లటి జూలు కదిలింది. కొమ్మను కిందికి లాగుతున్న పంజాకు వేలెడేసి గోళ్ళు.

ఎలుగొడ్డు.

పై ప్రాణాలు పైనే పోయాయి. పులి కన్నా దానికే ఎక్కువ భయపడతారు మా వైపు. పులి తన దారిన తాను పోతుంది, ఎలుగొడ్డు మొహం మీదికి వస్తుందని చెప్పుకుంటారు. ఒక కన్నూ సగం చెంపా లేని మనిషి ఒకాయన మా వీధిలోనే ఉండేవాడు. నాకు ఆయన మొహం గుర్తొచ్చింది. మళ్ళీ వదినే నన్ను లాక్కుపోయింది. ఎట్లా ఎక్కామో తెలియదు, నిలువెత్తు బండ మీదికి పాకాము. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. పైన ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని కూర్చున్నాము. అది పొద దాటి బండ కిందికి వచ్చింది. తల పైకెత్తి గాలి వాసన చూసింది. దాని ముక్కు చప్పుడు నాకు వినపడింది. నా పావడా తడిసింది. ఇంత వయసు వచ్చాక చెప్పడానికి సిగ్గేమిటి, తడిసింది.

ఎంతసేపటికో అది మళ్ళీ పొదల్లోకి పోయింది. పోయిందని నమ్మడానికి లేదు. కొమ్మ విరిగితే అదే, గడ్డి కదిలితే అదే. దిగడానికి ధైర్యం లేదు, అరవడానికి భయం. మధ్యాహ్నం దాటింది. దాహం మొదలైంది. చిప్పతో తోడుకునే మా చెలమ నీళ్ళు కళ్ళ ముందు కదిలాయి. ఆ నీళ్ళ గురించి సిగ్గుపడ్డానే అనుకుంటే ఏడుపొచ్చింది.

వదిన మాత్రం ఏడవలేదు. వణుకుతున్నా, మాటిమాటికీ, "ఎవరో ఒకరు వస్తారులే. పొద్దు వాలేలోపు వస్తారులే" అంటూ నా వీపు నిమురుతూ ఉంది. ఒక జడ పూర్తిగా ఊడిపోయి జుట్టు మొహం మీద పడుతోంది. రిబ్బను ఒకటే మిగిలింది. రెండోది ఏ కంపకో తగులుకుని ఉంటుంది, దాన్ని గురించి కూడా ఈమె అడగదేమిటి అనుకున్నాను. ఆమె నిబ్బరం చూస్తే నాకు ఓదార్పు కలగలేదు, భయం రెట్టింపైంది. పట్నం పిల్ల, ఏం తెలుసు ఈమెకు? ఎవరు వస్తారు? ఎవరికి తెలుసు మేము ఇక్కడ ఉన్నామని? సాయంత్రం మేకల తాత రాయి దగ్గర ఆగుతాడు. తంగేడు రెమ్మ ఉండదు. మా ఇంటివాళ్ళెవరూ అడవిలోకి పోలేదని నిశ్చింతగా మేకలు తోలుకుని ఇంటికి పోతాడు. మమ్మల్ని ఎక్కడైనా వెతుకుతారు, ఇక్కడ తప్ప. పైగా ఆకులమ్మను చెత్త అన్నాను. ఆ నోటితో ఇప్పుడు ఏమని మొక్కుకోవాలి?

ఆ మాట లోపల ఇముడ్చుకోలేకపోయాను. ఎలుగొడ్డు భయం కన్నా అదే ఎక్కువైంది. "ఎవరూ రారు వదినా" అని గట్టిగా ఏడ్చేశాను. "అది చెత్త గాదు. అది ఆకులమ్మ. ఆకు వేసి రావాల. నువ్వు నవ్వుతావని నేను వెయ్యలేదు. మనం ఈడ ఉన్నామని ఎవరికీ తెలియదు."

వదిన నన్ను వింతగా చూసింది. "నాకు తెలుసు అది ఆకులమ్మని" అన్నది. "మా యమ్మ ఎన్ని తూర్లు చెప్పింటాదో. రాయి కనపడంగానే ఇదేనా మా యమ్మ చెప్పిన రాయి అని అడగబోతే నువ్వు చెత్త అన్నావు. నాకు బాధేసింది. మన ఇంటి ఆకు తంగేడని తెలుసు గానీ తంగేడు ఎట్లుంటదో నేనెప్పుడు చూసినా? నిన్ను అడిగితే కసురుకుంటావేమోనని, ఆడ పడున్న ఒక రెమ్మకు నా రిబ్బను ముడేసి పెట్టినా."

కాలిలో ముల్లు గుచ్చుకోలేదన్నమాట. మద్రాసులో పుట్టి పెరిగిన పిల్ల మా ఇంటి ఆకును గుర్తు పెట్టుకుని వచ్చింది. ఆ చెట్టు నీడలో నిలబడి నేను దాన్ని కాదనుకున్నాను. సంగటి అడిగినప్పుడు ఆమె నిజంగా సంగటే అడిగింది. చెలమ దగ్గర నవ్వింది నీళ్ళు తియ్యగా ఉన్నందుకే. వదిన వచ్చిన నాటి నుంచీ మా ఊరిని చూసి ఎగతాళి చేసింది ఎవరయ్యా అంటే, నేనే.

కానీ అది తీరిగ్గా బాధపడే సమయం కాదు. ఇంకో భయం పట్టుకుంది. రిబ్బను ఏ ఇంటి ఆకూ కాదు. మేకల తాతకు చూపు మందం. వాడిన ఆకుల్లో ఆ ముడి ఆయనకు కనపడుతుందా? కనపడినా ఎవరిదని అనుకుంటాడు? గాలికి ఎగిరిపోతే? ఆ పట్టు గుడ్డ ముక్క మీదే మా ఇద్దరి ప్రాణాలు వేలాడుతున్నాయి. మబ్బుల వెనక వెలుగు తగ్గుతూ వచ్చింది. నేను బండను పట్టుకుని లోపల్లోపల ఆకులమ్మకు మొక్కుకుంటూ ఉన్నాను.

ఊళ్ళో ఏం జరిగిందో తరువాత తెలిసింది. అమ్మ మధ్యాహ్నం సద్దికి వచ్చి మేము లేమని చూసింది. వాగంతా వెతికారు, చేలన్నీ వెతికారు. చివరికి ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావిలో పాతాళ గరిగె వేశారు. బావిలో పడిన కడవల్ని తీసే ఇనుప కొక్కేల గుత్తి అది. దాని తాడు మా నాయన పట్టుకున్నాడట. గరిగె ఒకసారి దేనికో తగులుకుందట. పైకి లాగితే పాత గోనెపట్టా. ఆ లాగిన కాసేపు నాయన బావిలోకి చూడలేకపోయాడని మా అమ్మ చచ్చేదాకా చెప్పేది. ఆయన మాత్రం ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. వాళ్ళు ఇంకా బావి దగ్గర ఉండగానే, మబ్బు పట్టిందని ఆ రోజు పెందలాడే మందను తిప్పిన మేకల తాత, దాన్ని దారిలోనే వదిలేసి రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడట. "రాయి పెట్టని రెమ్మ ఒకటుంది. దానికి ఎర్ర గుడ్డ ముడేసి ఉంది. అది ఎవరిదబ్బా?" అన్నాడట.

మా జేజి ఇంకెవరి మాటా వినలేదు.

మాకు మొదట వినపడింది గణగణమని ఒక మోత. నేను అదీ ఎలుగొడ్డే అనుకుని కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ వినపడింది. ఈసారి ఆ మోతలో ఒక పగులు జీర ఉంది. అది నేను రోజూ అన్నం తినే పళ్ళెం. అంచు చీలిన కంచు పళ్ళెం, గరిటెతో కొడితే అట్లాగే జీరగా మోగుతుంది. అడవిలో మృగాలను బెదరగొట్టడానికి దాన్ని వాయించుకుంటూ మా జేజి వస్తోంది. అరుద్దామంటే గొంతు పోయింది. చేతికి అందిన రాయితో బండను కొట్టాను. వదిన కూడా కొట్టింది. పళ్ళెం ఆగింది. మేమూ కొట్టడం ఆపి విన్నాము. తరువాత పళ్ళెం మూడుసార్లు మోగింది. మేము మూడుసార్లు కొట్టాము. అట్లా చప్పుడును పట్టుకుని వాళ్ళు మా దగ్గరికి వచ్చారు. ముందు జేజి, వెనక నాయన, మేకల తాత, ఇంకా నలుగురు. నాయన నన్ను బండ మీది నుంచి దించి భుజాన వేసుకున్నాడు. ఆయన చొక్కా చెమటతో తడిసి ముద్దైపోయి ఉంది.

ఆకులమ్మ రాయి దగ్గరికి వచ్చేసరికి ఇంకా కాస్త వెలుగుంది. జేజి అందరినీ ఆపి నన్ను దించమంది. నాయనా మిగతావాళ్ళూ తమ రెమ్మల మీద రాళ్ళు పెట్టాక, రాయి లేనివి మూడే మిగిలాయి. ఒకటి వదిన రిబ్బను రెమ్మ. దాని పక్కన రెండు పచ్చి తంగేడు రెమ్మలు, పసుపు పూలతో సహా. జేజి మూడు గులకరాళ్ళు ఏరి నా అరచేతిలో పోసింది.

"ఒకటి నాది, పెట్టు" అన్నది. పెట్టాను. "అది మీ వదినది, పెట్టు." పెట్టాను. మూడో రెమ్మ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అది ఎవరిదో అడగాల్సిన పని లేదు. నేను వెయ్యని ఆకును లోపలికి పోతూ పోతూ జేజి నా పేరున వేసింది. తిడుతుందని చూశాను, కొడుతుందని చూశాను. ఆమె వంగి నా మొహంలోకి చూసి, "నీ ఆకు నువ్వే వెయ్యకుంటే నిన్ను యాడని వెతకాలమ్మే?" అన్నది. అంతే. ఆ చివరి మాట దగ్గర ఆమె గొంతు పళ్ళెం లాగే జీరపోయింది. మా జేజి కంట నీళ్ళు చూడడం నాకు అదే మొదలు. రాయి పెట్టి, ఆ రాతి మీదే తల పెట్టి ఏడ్చాను.

ఇంటికి వెళ్ళాక అమ్మ మాత్రం వీపు మీద రెండు ఇచ్చుకుని, ఆ చేతులతోనే దగ్గరికి లాక్కుని ఏడ్చింది. మర్నాడు జేజి నాకు ఒక శిక్ష వేసింది. వదిన ఉన్న మిగతా రోజుల్లో ఊరంతా నేనే చూపించాలి, ఒక్కటి కూడా దాచిపెట్టకూడదు. చూపించాను. కొత్త చెలమ తవ్వి, మొదటి ఊట మట్టిని పారబోసి, రెండో ఊటకు ఆగడం నేర్పాను. వెనక వేసిన చేలోని పచ్చి సజ్జ కంకులు నిప్పుల మీద కాల్చి చేతుల్లో నలిపి, పొట్టు ఊది పెట్టాను. మా పలకలు పుట్టే రాళ్ళు చూపించాను. పొరలు పొరలుగా లేచే ఆ నల్లరాయిని వదిన గోటితో గీకి, మద్రాసు బడిలో పలక కూడా ఇదే రాయా అని ఆశ్చర్యపోయింది. తంగేడును చూపించినప్పుడు ఆమె ఒక రెమ్మను పాఠం పుస్తకంలో పెట్టుకుంది, వాళ్ళమ్మ కోసం. ఆమెకు పేరు పేరునా చెబుతుంటే నాకే అవన్నీ కొత్తగా కనపడ్డాయి. ఇంత మంచి చోట పుట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదేమిటి అనిపించింది. వెళ్ళేనాడు వదిన మిగిలిన ఆ ఒక్క రిబ్బనూ నా జడకు కట్టింది.

నన్ను పక్క ఊరికే ఇచ్చారు, ఆ ఊరికీ అడవి దారి ఆకులమ్మ మీదుగానే. మద్రాసు పోలేదు, కర్నూలు కూడా చాలా ఆలస్యంగా చూశాను. మా జిల్లా పేరు మారింది, రాజధానులు మారాయి, నా ఇంటి నుంచి కొండ కనపడడం మారలేదు. ఈ రాళ్ళలో ఎట్లా బతుకుతున్నారమ్మా అని అడిగే చుట్టాలు ఇప్పటికీ వస్తారు. కోపం తెచ్చుకోను. చిప్పతో చెలమ నీళ్ళు ఇచ్చి, సంగటి పెట్టి, సీతాఫలం చేతిలో పెడతాను. ఆ తరువాత వాళ్ళు నవ్వితే ఎందుకు నవ్వారోనని వెతకను.

ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. ఆకులమ్మ దాకా నడవలేను. మునిమనవరాళ్ళు సీతాఫలాలకు బయలుదేరితే గడప మీద కూర్చుని, "ఆకు వేసి పొండే" అని కేకేస్తాను. ప్రతిసారీ చెప్పాలా అని వాళ్ళు విసుక్కుంటారు, నవ్వుకుంటారు. విసుక్కోనీ. పొద్దు వాలేసరికి నాకు లోపల పళ్ళెం మోగడం మొదలవుతుంది. నాయన చేతుల్లో తాడు గుర్తొస్తుంది. ముద్ద నోట్లో పెట్టలేను. బయట అడుగుల చప్పుడై, ఎవరో ఒక పిల్ల లోపలికి తొంగి చూసి, "రాయి పెట్టి వచ్చినాంలే, ఇంక తిను జేజీ" అంటుంది. అప్పుడు తింటాను. ఆ భయం ఇన్నేళ్ళైనా నన్ను వదలలేదు. నేనూ దాన్ని వదులుకోను.